మోటారుకి కళ్ళెం

మా ఎస్.ఆర్. నగర్‌లో కోడి కూయదు, మోటారు కూస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి వెనక సందులో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో బోరు మోటారు మొదట అందుకుంటుంది. దాని వెనకే ఎదురింటి వాళ్ళది, ఆ వెనక మా అపార్టుమెంటుది. ఐదయ్యేసరికి హాస్టలు వంటింట్లో ఇడ్లీ పిండి గ్రైండరు. నల్లా వచ్చే రోజైతే, నల్లాకి దొంగచాటుగా తగిలించిన బుల్లి మోటార్లు (ఈ సంగతి జలమండలి వాళ్ళతో అనకండి). ఏడింటికి లిఫ్టు, తొమ్మిదింటికి మలుపులో పిండి గిర్నీ. పక్కనే ఉన్న అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకోవటానికి ఊళ్ళనుంచి వచ్చే పిల్లలతో ఇక్కడ ప్రతి రెండో ఇల్లూ హాస్టలయి కూర్చుంది. దాంతో, నీలం సంజీవరెడ్డి గారి పేరు పెట్టుకున్న ఈ కాలనీలో మనుషుల కంటే మోటార్లే ఎక్కువేమోనని నాకో అనుమానం.

ఈ మోటార్లలో చాలావాటికి రెండే మాటలు తెలుసు. ఒకటి ఆన్, రెండోది ఆఫ్. పచ్చ బొత్తాం నొక్కితే ఒక్క ఉదుటున లేచి పరుగెత్తటం, ఎర్ర బొత్తాం నొక్కితే కూలబడటం. నెమ్మదిగా పద, కాస్త ఆగు, ఇంకొంచెం అందుకో అనే మాటలు వాటి నిఘంటువులో లేవు. వీటన్నిటి నెత్తిమీదుగా, బొంబాయి రోడ్డు మధ్యన నిలబెట్టిన స్తంభాల మీద మెట్రో రైలు పోతుంది. మా స్టేషనులో ఆగిన రైలు మళ్ళీ కదిలేటప్పుడు ఒకసారి చెవి ఒగ్గి వినండి. మంద్రస్థాయిలో మొదలై మెట్టుమెట్టుగా పైకి పాకే ఒక సన్నని ఊళ వినిపిస్తుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని నిలబడ్డ తల్లి కూడా తూలదు. విచిత్రమేమంటే, ఆ రైలుని లాగే మోటారూ, మా హాస్టలు వాళ్ళ బోరు మోటారూ పుట్టుకలో అక్కచెల్లెళ్ళే. ఒకే జాతి గుర్రాలు. ఒకదానికి కళ్ళెం ఉంది, రెండోదానికి లేదు. అంతే తేడా.

నేను బి.ఏ. హిస్టరీ. నాకూ మోటారుకీ ఉన్న చుట్టరికమల్లా అది తిరగనప్పుడు మెకానిక్కుని పిలవటం వరకే. కానీ హిస్టరీ చదివినవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. ఏ వస్తువుని చూసినా ఇది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చింది అని అడగకుండా ఉండలేరు. గిర్నీ పక్కన ముప్ఫయ్యేళ్ళుగా మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ షాపాయన నా మొదటి గురువు. "తిరగనీకి ఏం తకలీఫ్ లేదమ్మా. తీగ జుట్టి కరెంటిస్తే రాయి గూడ తిరుగుతది. మెల్లగ నడపనీకే తకలీఫంతా" అన్నాడాయన, రాగితీగ చుట్టలోనుంచి తల ఎత్తకుండానే. ఆ తరువాత నేను చదివిన పుస్తకాలన్నీ ఈ మాటకి వ్యాఖ్యానాలే.

తిరగటం నిజంగానే తొందరగా వచ్చేసింది. 1888లో, మార్చి నెలలో ఇటలీలోని ట్యూరిన్‌లో గెలీలియో ఫెరారిస్, మే నెలలో న్యూయార్కులో నికోలా టెస్లా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఏ.సి. కరెంటుతో తిరిగే మోటారుని లోకానికి వివరించారు. మరుసటేడు బెర్లిన్‌లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు దాన్ని మూడు ఫేజుల మీద, ఇవాళ మన బోర్లలో ఉన్న రూపానికి దాదాపు తెచ్చేశాడు. నూట ముప్ఫయి ఏళ్ళు దాటినా ఆ మూలరూపం పెద్దగా మారలేదు. మారవలసిన అవసరం రాలేదు. అంత గట్టి పిండం అది.

దాని కిటుకు నాకు అర్థమైనంతలో చెబుతాను. మోటారు లోపలి గోడల చుట్టూ మూడు జట్ల తీగచుట్టలు ఉంటాయి. మూడు ఫేజుల కరెంటు ఒకదాని తరువాత ఒకటిగా ఎగిసి తగ్గుతూ ఉంటే, అయస్కాంత శక్తి ఆ గోడల వెంట గిరగిరా తిరిగినట్లవుతుంది. చూడబోతే కదిలే వస్తువేదీ లేదు, కదిలేది అయస్కాంతపు నీడ మాత్రమే. నడిమధ్యన ఉన్న ఇనప బొంగరం ఆ నీడని పట్టుకుందామని వెంటపడుతుంది. మారీచుడి వెంట రాములవారు పరుగెత్తినట్లే. ఇక్కడ తమాషా ఏమిటంటే, బొంగరం ఎప్పటికీ ఆ లేడిని అందుకోకూడదు. అందుకున్న మరుక్షణం లాగే శక్తి సున్న, కథ సమాప్తం. ఆ కాస్త వెనకబాటే దాని బలం. మీ ఇంటి నీళ్ళ మోటారు మీద రేకుముక్క ఉంటుంది, తుడిచి చూడండి. చాలావాటి మీద 2880 అనో, దానికి దగ్గరగానో అంకె కనిపిస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ అయస్కాంతపు లేడి నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. మన బొంగరం 2880 తిరుగుతుంది. ఆ 120 చుట్ల దూరమే మన ట్యాంకులోకి నీళ్ళెక్కిస్తోంది.

కష్టం కూడా ఇక్కడే ఉంది. లేడి వేగం కరెంటు ఊపుని బట్టి ఉంటుంది. ఆ ఊపు మన చేతిలో లేదు. దేశమంతా ఒకే తీగల వలతో కట్టి 50 మీద నిలబెట్టిన ఊపు అది. నాకు 1500 చాలు, ఇవాళ ఒంట్లో బాగాలేదు అంటే వినే నాథుడు లేడు. ఇక నిలబడి ఉన్న మోటారుని లేపేటప్పటి అవస్థ వేరు. బొంగరం తిరుగుతున్నప్పుడు తనలో పుట్టించే ఎదురు వోల్టేజి వచ్చే కరెంటుని అదుపులో పెడుతుంది. కదలకుండా ఉన్నప్పుడు ఆ అడ్డు ఉండదు. కట్ట తెగిన చెరువులా మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. మోటారు వేయగానే ఇంట్లో దీపాలు ఒక్క రెప్ప వాల్చటం అందుకే. పెద్ద మోటార్లకి స్టార్-డెల్టా స్టార్టరు పెట్టేదీ ఇందుకే. తీగచుట్టల్ని మొదట ఒక తీరుగా కలిపితే దూకే కరెంటు మూడోవంతుకి తగ్గుతుంది. వేగం అందుకున్నాక డబ్బాలో 'ధడ్'మని ఇంకో తీరుకి మారుస్తుంది. కానీ కరెంటుతో పాటు మొదటి లాగుడు బలమూ మూడోవంతే అవుతుంది. ఇది కళ్ళెం కాదు. గుర్రం ఎక్కేటప్పుడు నౌకరు కాసేపు జుట్టు పట్టుకోవటం లాంటిది.

మరి 1888కి ముందూ వెనకా కరెంటు బళ్ళు తిరగలేదా అంటే, తిరిగాయి. అవి ఇంకో జాతి. డి.సి. మోటార్లు. మన తెలుగువాళ్ళు కరెంటు మోటారు లాగే బండి మొదట ఎక్కింది హైదరాబాదులో కాదు, మద్రాసులో. 1895లో అక్కడ ఎలక్ట్రిక్ ట్రాములు మొదలయ్యాయి. దేశంలో అవే మొదటివి. కలకత్తా, బొంబాయి ఆ తరువాతే. గురజాడవారి 'కన్యాశుల్కం' అచ్చయింది 1897లో కాబట్టి, గిరీశం పుస్తకరూపంలోకి రాకముందే మద్రాసులో ట్రాము తిరుగుతోందన్నమాట. పత్రికాఫీసులకీ, సినిమా స్టూడియోలకీ వెళ్ళిన రెండు మూడు తరాల తెలుగువాళ్ళు ఆ ట్రాముల్లో వేలాడారు. అవి ఆగిపోయింది 1953లో, ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడే. మనవాళ్ళూ వెళ్ళిపోయారు, ట్రాములూ వెళ్ళిపోయాయి. హైదరాబాదుకి ట్రాము యోగం లేకపోయింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసి (ఇప్పుడా కేంద్రం లేదు, అటువైపు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది) వీధుల్లో దీపాలు వెలిగినా, పట్టాల మీద కరెంటు బండిని చూడటానికి నగరం ఇంకా చాలా కాలం ఆగవలసి వచ్చింది.

ట్రాము డ్రైవరు ముందు ఒక ఇత్తడి పిడి ఉండేది. దాన్ని గుర్తు తరువాత గుర్తుకి తిప్పుతూ బండిని లేపేవాడు. మొదటి గుర్తులో కరెంటు దారిలో నిరోధకాలు, అంటే లావుపాటి ఇనప గ్రిడ్లు, అన్నీ అడ్డంగా ఉంటాయి. ఒక్కొక్క గుర్తుకీ ఒక్కొక్క అడ్డు తీసేస్తాడు. ఇంకో తెలివి కూడా ఉంది. బండి కింద రెండు మోటార్లుంటే మొదట వాటిని ఒకదాని వెనక ఒకటిగా కలిపి చెరి సగం వోల్టేజి తినిపిస్తారు. వేగం వచ్చాక పక్కపక్కన కలిపి ఎవరి వాటా వాళ్ళకి పూర్తిగా ఇస్తారు. డి.సి. మోటారు మంచి మాట వినే పిల్ల. వోల్టేజి తగ్గిస్తే వేగం తగ్గిస్తుంది. కాకపోతే రెండు తలనొప్పులు. అడ్డు పెట్టిన కరెంటంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. పైగా తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు రుద్దుకుని రుద్దుకుని అరిగిపోతూ ఉంటాయి.

ఇది ఎక్కడో మద్రాసు ముచ్చట అనుకోకండి. మీ వంటింట్లో మిక్సీ ఉంది చూశారూ, దాని లోపలిది ట్రాము మోటారుకి దగ్గర బంధువే. కొబ్బరి పచ్చడి నడుమ మిక్సీలోనుంచి నిప్పురవ్వలు, మాడు వాసన వస్తే షాపాయన మూత విప్పీ విప్పకుండానే "కార్బన్లు అరిగినయమ్మా" అంటాడే, ఆ కార్బన్లే ఇవి. ఇక మద్రాసు ట్రాము డ్రైవరు పిడి మన గోడల మీదే చాలా కాలం ఉంది. ఫ్యాను రెగ్యులేటరు! పాత ఇళ్ళలో స్విచ్చిబోర్డు పక్కన నల్లటి లావుపాటి పెట్టె, ఒకటి నుంచి ఐదు అంకెలు. లోపల నిరోధకపు తీగచుట్టలే. కరెంటు ఆదా చేద్దామని ఫ్యాను రెండులో పెట్టుకుని చెమటలు కక్కుతూ పడుకున్న మా అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు పాపం, మిగిలిందనుకున్న కరెంటులో చాలా భాగం ఆ పెట్టె వేడెక్కటానికే ఖర్చవుతోందని. ఎండాకాలం ఆ పెట్టె మీద చెయ్యి వేస్తే చుర్రుమనేది.

నిరోధకాలతో కరెంటు తగలేయకుండా వేగాన్ని పట్టుకునే ఉపాయం 1891లో హారీ వార్డ్ లెనార్డ్ అనే అమెరికన్ చెప్పాడు. చాలా పెద్దింటి ఉపాయం అది. ఒక మోటారు, అది తిప్పే ఒక జనరేటరు, ఆ జనరేటరు ఇచ్చే కరెంటుతో తిరిగే అసలు మోటారు. జనరేటరులో అయస్కాంత బలాన్ని ఒక చిన్న పిడితో కొద్దిగా పెంచితే అటు చివర పెద్ద మోటారు మెత్తగా లేస్తుంది. తగ్గిస్తే నెమ్మదిస్తుంది, తిరగేస్తే వెనక్కి తిరుగుతుంది. ఒక్క వధువుకి ఇద్దరు పెళ్ళిపెద్దలన్నమాట. ఖర్చు మూడింతలు, చోటు మూడింతలు. అయినా ఆ మెత్తదనం కోసం గనుల్లో మనుషుల్ని దించే పంజరాలకీ, ఉక్కు పలకలు నలిపే మిల్లులకీ, ఆకాశహర్మ్యాల లిఫ్టులకీ అరవై డెబ్భై ఏళ్ళు ఇదే దిక్కయింది. లిఫ్టు అంతస్తుకి సమానంగా ఆగటమనేది ఎంత నాజూకు పనో, మూడంగుళాల పైన ఆగిన లిఫ్టులోనుంచి దిగబోయిన ముసలివాళ్ళని అడగండి.

ఆ తరువాత కథ యంత్రాలది కాదు, ఇసుకలోనుంచి తీసిన సిలికాన్‌ది. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్ళు థైరిస్టరు తయారుచేశారు. కదిలే భాగమంటూ లేని తలుపు అది. చిన్న సైగ చేస్తే తెరుచుకుని పెద్ద కరెంటుని వదులుతుంది. మన గోడ మీద నల్ల పెట్టె పోయి చిన్న గుండ్రటి రెగ్యులేటరు వచ్చిందీ ఈ వంశంవల్లే. అది కరెంటుని అడ్డుకుని వేడి చేయదు. ప్రతి అలలోనూ ఒక ముక్క కత్తిరించి పారేస్తుంది. కత్తిరించిన అల మొరటుగా ఉంటుంది కాబట్టి ఫ్యాను ఒక్కోసారి మూలుగుతుంది.

థైరిస్టరుకి ఒక పెద్ద లోపం. తెరుచుకోమంటే తెరుచుకుంటుంది గానీ, మూసుకోమంటే మూసుకోదు. కరెంటు తనంతట తాను సున్నకి వచ్చేదాకా ఆగాలి. పెళ్ళివారింట మాట మొదలుపెట్టిన పేరయ్య లాంటిది. చెప్పగానే తెరుచుకుని, చెప్పగానే మూసుకుని, సెకనుకి వేలసార్లు ఆ పని చేసినా అలిసిపోని తలుపు కావాలి. ఆ తలుపుని 1980ల మొదట్లో అదే జనరల్ ఎలక్ట్రిక్‌లో తయారుచేసినవాడు మనకి ఎరుగున్నచోటివాడే. బంట్వాల్ జయంత్ బాలిగ 1948లో మద్రాసులో పుట్టి, బెంగుళూరులో పెరిగి, 1969లో మద్రాసు ఐ.ఐ.టి.లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్ళాడు. ఏర్ కండిషనింగు యంత్రాల మోటార్లని కావలసిన వేగంలో నడపటానికి చవకైన తలుపు కావాలని కంపెనీవాళ్ళు అడిగితే ఆయన ఐ.జి.బి.టి. అనే దాన్ని సృష్టించాడు. 2024లో ఫిన్లాండువాళ్ళ మిలెనియం బహుమతి ఆయనకిచ్చారు. సినిమా నటుడు ఫలానా నగల దుకాణం తెరవటానికి వస్తే పంజగుట్ట చౌరస్తా స్తంభించిపోతుంది. ఈయన వచ్చి మెట్రో ఎక్కినా మా స్టేషనులో ఎవరూ గుర్తుపట్టరు. ఆయన తలుపులు మాత్రం ఆ రైలు కింద తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటాయి.

ఆ తలుపులతో చేసే పని ఇదీ. ముందు వచ్చిన కరెంటునంతా డి.సి.గా మారుస్తారు. తరువాత దాన్ని తలుపుల గుండా ముక్కలు ముక్కలుగా వదులుతారు. వెడల్పు ముక్క, ఇరుకు ముక్క, ఇంకా ఇరుకు ముక్క, మళ్ళీ వెడల్పు. ఉయ్యాల ఊపే తల్లి చెయ్యి ఎడతెగకుండా ఉయ్యాలని పట్టుకుని ఉండదు గదా. ఒక తోపు తోస్తుంది, వదిలేస్తుంది. అయినా ఉయ్యాల మెత్తగానే ఊగుతుంది. మోటారు తీగచుట్టలది కూడా ఉయ్యాల స్వభావమే, తోపుల్ని కలిపేసి నున్నటి అలగా చేసుకుంటాయి. ముక్కల లెక్క మార్చితే ఆ అల ఊపు మారుతుంది. అంటే దేశం 50 మీద ఉన్నా, ఈ ఒక్క మోటారుకి మనం సొంతంగా రెండు, పది, ముప్ఫయి, డెబ్భై ఇవ్వచ్చన్నమాట. లేడి వేగం ఇప్పుడు మన చేతిలో ఉంది. ఒక షరతు. ఊపు తగ్గించినప్పుడు వోల్టేజీ కూడా ఆ పాళ్ళలో తగ్గించాలి, లేకపోతే ఇనుము కక్కుర్తిగా కరెంటు తాగి వేడెక్కిపోతుంది. విలంబిత కాలంలో పాడేటప్పుడు గొంతు చించుకోకూడదన్నట్లు.

ఇంకా ఒక మెట్టుంది. డి.సి. మోటారులో అయస్కాంతాన్ని నిలబెట్టే కరెంటు వేరు, బరువు లాగే కరెంటు వేరు. రెండింటినీ విడివిడిగా పెంచుకోవచ్చు. ఏ.సి. మోటారులో రెండూ పాలూ నీళ్ళలా కలిసి వస్తాయి. 1970 ప్రాంతాల్లో జర్మనీలో హాసె, బ్లాష్కె అనే ఇంజనీర్లు లెక్కలతో హంస పని చేశారు. తిరుగుతున్న అయస్కాంతపు నీడ మీద తామే ఎక్కి కూర్చున్నట్లు ఊహించుకుని చూస్తే, ఆ కలగాపులగపు కరెంటులో పాలెన్నో నీళ్ళెన్నో విడిగా కనిపిస్తాయి! ఊహ బాగుంది గానీ ఆ లెక్క ప్రతి క్షణం చేస్తూనే ఉండాలి. చేతిలోకి వచ్చే కరెంటెంత, చక్రం వేగమెంత, అడిగిందెంత, ఇచ్చిందెంత అని కొలుచుకుంటూ సెకనులో వెయ్యోవంతులో దిద్దుకోవాలి. అందుకని చవకైన మైక్రోప్రాసెసర్లు వచ్చేదాకా ఆ హంస పుస్తకాల్లోనే ఉండిపోయింది. "గా మెట్రో మోటారు గూడ గిదే జాతమ్మా. గానీ దానికి పైన దిమాగ్ పెట్టిన్రు" అని మా షాపాయన చెప్పింది ఈ ముక్కే.

మన నగరానికి ఆ దిమాగ్ ఉన్న బండి 2017 నవంబరు 28న వచ్చింది. మర్నాటినుంచి మియాపూర్ నాగోల్ మధ్య ముప్ఫయి కిలోమీటర్లూ జనం ఎక్కారు. కొరియాలో తయారైన మూడేసి పెట్టెల రైళ్ళు, పైన తీగలో 25,000 వోల్టులు. అంతదూరం అక్కర్లేదు, ఎస్.ఆర్. నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగేవాళ్ళకి కూర్చునే వ్యవధి కూడా ఉండదు. ఆ కొద్దిదూరంలోనే మోటారు తన విద్యలన్నీ చూపిస్తుంది. బయలుదేరేటప్పుడు చిన్న ఊపుతో, చిన్న వోల్టేజితో మొదలుపెట్టి రెండింటినీ కలిపి పెంచుతుంది. ఆ పాకే ఊళ, తలుపులు తెరుచుకుని మూసుకునే వేగం తీగచుట్టల్ని కంపింపజేస్తే పుట్టే నాదమే. జపాన్‌లో కేక్యూ అనే కంపెనీ నడిపిన కొన్ని రైళ్ళలో ఇంజనీర్లు ఆ నాదాన్ని స్వరస్థానాల మీద నిలబెట్టారు. 1998నుంచి ఆ రైళ్ళు కదిలేటప్పుడు వరసగా స్వరాలు పలికేవి. 2021లో చివరిది ఆగిపోతే అభిమానులు వీడ్కోలు చెప్పుకున్నారట. మనవాళ్ళకి ఆ ఆలోచన వచ్చి ఉంటే మాయామాళవగౌళలో సరళీవరస వినిపించేది గదా అని నాకో చిన్న బెంగ.

ఆగేటప్పుడు చేసే పని ఇంకా గొప్పది. లేడి వేగాన్ని బొంగరం వేగం కంటే తగ్గించేస్తారు. పరుగెత్తుతున్న బొంగరం లేడిని దాటిపోతుంది. అంతే, పాత్రలు తారుమారు. మోటారు కాస్తా జనరేటరు అవుతుంది. రైలు పరుగంతా కరెంటుగా మారి పై తీగలోకి వెళ్ళి, దగ్గరలో బయలుదేరుతున్న ఇంకో రైలుకి ఉపయోగపడుతుంది. అమీర్‌పేటలో ఆగే రైలు పంజగుట్ట ఎక్కే రైలుకి పెట్టుబడి పెట్టటమన్నమాట. ఈ విధంగా మిగిల్చిన కరెంటుని లెక్కగట్టి ఢిల్లీ మెట్రో 2007లోనే ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదు చేయించుకుంది. ట్రాము రోజుల్లో బ్రేకు దిమ్మెలు రాసుకుని మాడిపోయిన శక్తి ఇది. మన అమ్మమ్మల రెగ్యులేటరు పెట్టెలో మాడిన శక్తికి చెల్లెలు.

ఇదే కళ్ళెం ఇప్పుడు ఇళ్ళలోకీ వచ్చింది. ఇన్వర్టరు ఏ.సి. అంటే ఇదే. 75 వాట్లు తాగే పాత ఫ్యాను పనిని ముప్ఫయికి అటూ ఇటూ వాట్లతో చేసే కొత్త ఫ్యాన్లూ ఇవే. వాటి మోటారు జాతి వేరైనా నడిపే పద్ధతి ఒకటే. ఎస్.ఆర్. నగర్‌లో బాగా జరుగుబాటున్న ఇంట్లో లెక్కపెడితే ఇలాంటి కళ్ళేలు నాలుగైదు ఉంటాయి.

నా ప్రశ్న వేరే. ఈ దేశంలో మోటారు మొరటుతనానికి అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించినవాడి దగ్గరికి కళ్ళెం ఎప్పుడు వెళ్ళింది?

మా మేనమామ గారిది బోర్ల మీద బతికే మెట్ట ఊరు. నా చిన్నతనంలో వేసవి సెలవులకి అక్కడికి వెళితే పెద్దవాళ్ళ మాటల్లో వాన కంటే ముందు వచ్చేది "మోటారు కాలింది" అన్న మాట. ట్రాన్స్‌ఫార్మరుకి తాహతుకి మించి మోటార్లుంటే చివరి చేనుకి వచ్చేసరికి వోల్టేజి సన్నబడిపోతుంది. మోటారు బలం వోల్టేజితో పాటు కాక, దాని వర్గాన్ని బట్టి పడిపోతుంది. వోల్టేజి నాలుగోవంతు తగ్గితే బలం దాదాపు సగమైపోయిందనుకోండి. నీళ్ళ బరువు మాత్రం తగ్గదు. ఆ బరువు మోయటానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలు వేడెక్కుతాయి, పైపూత కరుగుతుంది, కాలిపోతుంది. బోరులోనుంచి పైకి లాగించి, బండి మీద పట్నం పంపి, చుట్టించుకుని వచ్చేసరికి వారం. ఆ వారంలో చేను ఎండిపోతుంది. ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు కాలితే మా అత్తయ్య చేతి గాజులు మార్వాడీ దగ్గరికి వెళ్ళాయి. మా షాపాయన చుట్టే రాగితీగని ఇవాళ చూసినా నాకు ఆ గాజులే గుర్తొస్తాయి.

అప్పట్లో కరెంటు విడతలుగా వచ్చేది. సగం విడతలు అర్ధరాత్రే. బ్యాటరీ లైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్ళి, తడి చేత్తో ఇనప డబ్బాలోని పచ్చ బొత్తాం నొక్కాలి. అలా వెళ్ళి తిరిగిరాని ఇద్దరి పేర్లు ఆ ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఒకరిని పాము, ఒకరిని స్టార్టరు డబ్బా. ఈ చీకటి నడక తప్పించుకోవటానికే రైతులు ఆటో స్టార్టరు కనిపెట్టుకున్నంత పని చేశారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేచేట్లు బిగించిన చిన్న పరికరం అది. కానీ ఊళ్ళో అందరూ బిగిస్తే ఏమవుతుంది? కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తాయి, ఐదారు రెట్ల దూకుడుతో. ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. నీళ్ళు చాలినా ఆపే మనిషి ఉండడు కాబట్టి భూమిలో నీళ్ళూ అయిపోతాయి. 2018 జనవరి 1నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటలూ ఉచిత కరెంటు ఇవ్వటం మొదలుపెట్టేముందు ప్రభుత్వంవాళ్ళు ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసేయించటానికి అవస్థ పడింది ఇందుకే. రైతు చేసింది తప్పంటే నేను ఒప్పుకోను. కళ్ళెం చేతికి ఇవ్వకుండా గుర్రాన్ని ఇచ్చాం, పైగా రాత్రిపూట ఎక్కమన్నాం. అతను దానికి తోచిన తాడు కట్టాడు.

ఊపు మార్చే అసలైన కళ్ళెం పొలానికి వచ్చింది ప్రధానంగా సోలారు పంపుల పుణ్యమా అని. 2019లో కేంద్రం పెట్టిన కుసుమ్ పథకం కిందా, దానికి ముందునుంచీ కూడా మన రెండు రాష్ట్రాల్లోనూ అక్కడక్కడ ఇవి కనిపిస్తున్నాయి. పలకల నుంచి వచ్చేది డి.సి. కరెంటు, పైగా పొద్దునొక లెక్క, మధ్యాహ్నమొక లెక్క. దాంతో మోటారు నడవాలంటే వేగం ఎండతో పాటు మారి తీరాలి. అందుకని స్తంభానికి బిగించిన పెట్టెలో మన మెట్రో రైలు కింద ఉన్న సరంజామాయే, చిన్నది, పెట్టక తప్పలేదు. దాన్ని అక్కడ పెట్టించింది రైతు మీద జాలి కాదు, ఎండ.

మొన్న వేసవిలో ఒక బంధువుల చేలో అది పనిచేయటం చూశాను. పొద్దున ఏడింటికి గొట్టంలోనుంచి నీళ్ళు వేలెడు లావున, వయసు మళ్ళినవాళ్ళు నడిచినట్లు వచ్చాయి. పదింటికి పిడికిలంత అయ్యాయి, పన్నెండింటికి దూకాయి. ఒంటిగంటప్పుడు ఒక మబ్బు అడ్డం వచ్చింది. నేను మోటారు ఇక ఆగిపోతుందనో, కాలిపోతుందనో చూస్తూ నిలుచున్నాను. అది గొంతు తగ్గించుకుని, మబ్బు పోయేదాకా నెమ్మదిగా తిరుగుతూ ఉండిపోయింది. గట్టు మీద వేపచెట్టు కింద ఆ ఇంటి పెద్దాయన నిద్రపోతున్నాడు, పట్టపగలు.